నేరేడు పండు, గింజల పొడి: షుగర్ వ్యాధికి ఎంతవరకు పనిచేస్తాయి?

తొలకరి వానలు పడే రోజుల్లో వికారాబాద్, తాండూరు బజార్లలో నేరేడు పండ్ల గంపలు కనిపిస్తాయి. పిల్లలు పండ్లు తిని, ఊదా రంగు పట్టిన నాలుకలు ఒకరికొకరు చూపించుకుంటారు. చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళు మాత్రం గింజలను పారేయకుండా ఎండబెట్టి దాచుకుంటారు. ఆ పొడిని రోజూ నీళ్ళలో కలిపి తాగితే షుగర్ వ్యాధి తగ్గుతుందని వారి నమ్మకం. ఇందులో నిజమెంత? అందరూ తెలుసుకోవలసిన విషయమిది. ఎందుకంటే 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగర్ వ్యాధి ఉంది.

పండులో ఏముంది?

నేరేడు మన దేశంలోనూ, చుట్టుపక్కల ఆసియా దేశాల్లోనూ పుట్టిన చెట్టు. 100 గ్రాముల పండులో సుమారు 14 గ్రాముల పిండిపదార్థాలు, 60 కేలరీల శక్తి ఉంటాయి. కొంత విటమిన్ సి, పీచు కూడా లభిస్తాయి. పండుకు రంగునిచ్చేవి ఆంథోసయనిన్లు, వగరునిచ్చేవి టానిన్లు. ముదురు రంగు చూసి దీనిలో ఇనుము చాలా ఉందని, తింటే రక్తం పడుతుందని కొందరు అనుకుంటారు. ఆ రంగుకు ఇనుముతో సంబంధం లేదు. రక్తహీనత ఉన్నవారు డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు మానకూడదు.

నేరేడు పండు తింటే కడుపులోకి పోయిన వెంట్రుకలు కరిగిపోతాయని మన పెద్దలు చెబుతుంటారు. వెంట్రుక కెరటిన్ అనే గట్టి మాంసకృత్తుతో తయారవుతుంది. దాన్ని ఏ పండూ కరిగించలేదు. పొరపాటున మింగిన ఒకటి రెండు వెంట్రుకలు మలంతో పాటు వాటంతటవే బయటకు పోతాయి.

గింజల గురించి పరిశోధనలు ఏమంటున్నాయి?

నేరేడు గింజల మీద పరిశోధనలు చాలా జరిగాయి. షుగర్ వ్యాధి తెప్పించిన ఎలుకలకు గింజల పొడి గాని, దాని సారం గాని ఇచ్చినప్పుడు రక్తంలో చక్కెర తగ్గినట్లు అనేక ప్రయోగాల్లో కనిపించింది. పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైముల పనిని గింజల సారం మందగింపజేస్తుందని పరీక్షనాళికల్లో తేలింది. కనుక పెద్దల మాటను పూర్తిగా కొట్టివేయలేము.

అయితే ఎలుకలో పనిచేసినదంతా మనిషిలో పనిచేస్తుందని చెప్పలేము. మనుషుల మీద జరిగిన పరీక్షలు చిన్నవి, కొద్ది కాలం పాటు మాత్రమే జరిగినవి. బ్రెజిల్ దేశంలో నేరేడు ఆకుల కషాయాన్ని షుగర్ మందుగా తాగే అలవాటుంది. అక్కడి వైద్యులు ఆ కషాయాన్ని గ్లైబెన్‌క్లమైడ్ మాత్రతో పోల్చి చూసి, ఫలితాన్ని 2004లో ప్రచురించారు. మాత్ర తీసుకున్నవారిలో చక్కెర తగ్గింది, కషాయం తాగినవారిలో తగ్గలేదు. అది ఆకుల మీద జరిగిన పరీక్షే, గింజల మీద కాదు. అయినా ఎంత పాత నమ్మకాన్నయినా పరీక్షించి చూడాలని అది మనకు నేర్పుతుంది.

మొక్కల నుండి మంచి మందులు రావా అని మీరు అడగవచ్చు. తప్పక వస్తాయి. ఈనాడు లక్షలాది మంది వాడుతున్న మెట్‌ఫార్మిన్ మాత్రకు మూలం యూరప్‌లో పెరిగే గలీగా అనే మొక్క. ఆ మొక్కలోని పదార్థాలను గుర్తించారు. వాటిలో విషపూరితమైన వాటిని పక్కనపెట్టి, వాటిని పోలిన సురక్షితమైన మందును తయారుచేశారు. 1957లో ఫ్రాన్సు డాక్టరు జాన్ స్టెర్న్ దాన్ని రోగులకు ఇచ్చి, ఫలితాలు ప్రచురించారు. నేరేడు గింజ ఇంకా ఆ దారంతా నడవలేదు. ఎంత మోతాదు ఇవ్వాలో, ఎంతకాలం వాడితే క్షేమమో నిర్ణయించే పెద్ద పరీక్షలు జరగలేదు.

అసలు ప్రమాదం ఎక్కడ?

ఒక పెద్దాయన మాత్రలు మానేసి గింజల పొడి వాడుతున్నాడనుకుందాం. ఒంట్లో ఏ బాధా తెలియదు కాబట్టి పొడి పనిచేస్తోందని సంతోషిస్తాడు. షుగర్ వ్యాధి నొప్పి తెలియకుండానే కళ్ళను, మూత్రపిండాలను, కాళ్ళ నరాలను దెబ్బతీస్తుంది. కాలికి పుండు పడి ఆసుపత్రికి వచ్చేసరికి, సరిచేయగలిగిన కాలం దాటిపోయి ఉండవచ్చు. పొడిలో విషం లేకపోయినా, మాత్ర మానడమే హాని చేస్తుంది.

ఇక మాత్రలతో పాటు పొడి కూడా వాడేవారికి ఒక్కోసారి చక్కెర మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి, తికమక దీని గుర్తులు. స్పృహలో ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, ఆసుపత్రికి తీసుకురావాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు.

మీరు చేయవలసినవి:

1. షుగర్ ఉన్నవారు నేరేడు పండ్లను చిన్న కప్పుడు తినవచ్చు. తీపి కలిపిన రసం, జామ్ వద్దు.

2. డాక్టరును అడగకుండా మాత్రలు గాని, ఇన్సులిన్ గాని మానవద్దు, తగ్గించవద్దు.

3. గింజల పొడి వాడుతుంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. గర్భిణీలు వాడవద్దు.

4. పేరూ చిరునామా లేని పొట్లాల పొడులు కొనవద్దు. "మూలికా మందు" అని అమ్మేవాటిలో ఇంగ్లీషు మాత్రల పొడి కలిపిన సంఘటనలు బయటపడ్డాయి.

5. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించుకోండి. చాలామందికి అది 7 శాతం లోపు ఉండడం మంచిది.

6. ప్రతి రాత్రి పాదాలు చూసుకోండి. సంవత్సరానికొకసారి కళ్ళు, మూత్రపిండాల పరీక్ష చేయించుకోండి.

నేరేడు మంచి పండే. కాలంలో దొరికినప్పుడు ఇంటిల్లిపాదీ తినండి. పండును పండుగా తినండి, మందును మందుగా వాడండి. ఇంట్లో ఎవరైనా మాత్రలు మానేసి పొడి మీదే ఆధారపడుతుంటే, వారిని కోప్పడకుండా ఒక్కసారి రక్తపరీక్షకు తీసుకురండి. చక్కెర ఎంత ఉందో ఆ కాగితమే వారికి చెబుతుంది.