పరుషలో రాట్నం, బడిలో భౌతికశాస్త్రం

మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ సరిహద్దు గల కర్ణాటకలోని పావగడ తాలూకాలో, మంగళవాడ వంటి గ్రామాల పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడంలో చదువుకుంటారు కనుక, త్వరణం, బలం, శక్తి వంటి భావనలు వారికి కంఠస్థం చేయవలసిన నిర్వచనాలుగానే ముందు ఎదురవుతాయి. వాటిని ముందు ఒంటితో అనుభవించి, తర్వాత కొలిచి, చివరికి సూత్రంగా రాసుకునే మార్గం మరొకటి ఉంది. ఈ మార్గంలోనే అమెరికాలో అనేక వినోద పార్కులు పాఠశాలల కోసం భౌతికశాస్త్ర దినాలు జరుపుతాయి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరంలో, లిసెబర్గ్ పార్కు ఆధారంగా, ఆన్-మేరీ పెండ్రిల్ అనే శాస్త్రవేత్త ఈ బోధనపై ఏళ్ల తరబడి పరిశోధించారు. అయితే తేరు సమయంలో పరుషకు (జాతరకు) వచ్చే రాట్నాలు కూడా ఇందుకు చాలును.

వృత్తంలో తిరిగే వస్తువు వేగం మారకపోయినా దిశ క్షణక్షణం మారుతుంది. దిశ మారడం కూడా త్వరణమేనని విద్యార్థులు అంత సులువుగా నమ్మరు. రంగులరాట్నంలో కేంద్రానికి 4 మీటర్ల దూరాన ఉన్న గుర్రం 8 సెకన్లకు ఒక చుట్టు తిరిగిందనుకుంటే, దాని వేగం సెకనుకు సుమారు 3.1 మీటర్లు, కేంద్రం వైపు దాని త్వరణం గురుత్వ త్వరణంలో దాదాపు నాలుగో వంతు అవుతాయి. 2 మీటర్ల దూరాన ఉన్న లోపలి గుర్రానికి చుట్టుకు పట్టే కాలం అదే గాని, వేగమూ త్వరణమూ సగమే. కూర్చున్నవారికి ఎవరో బయటికి నెడుతున్నట్లు అనిపించినా, నిజానికి దేహం జడత్వం వల్ల తిన్నగా పోజూస్తుండగా గుర్రమూ దాని కమ్మీ లోపలికి లాగుతుంటాయి. ఆ లాగే బలమే అభికేంద్ర బలం.

గొలుసులకు వేలాడే కుర్చీల రాట్నం ఇంతకంటే గొప్ప ప్రశ్న వేస్తుంది: ఖాళీ కుర్చీ, మనిషి కూర్చున్న కుర్చీ, వీటిలో ఏది ఎక్కువగా పక్కకు లేస్తుంది? ఖాళీదేనని తోచినా, పక్కపక్క కుర్చీలు రెండూ దాదాపు ఒకే కోణంలో వాలుతాయి. భూమి లాగే బలమూ, వృత్తంలో తిప్పడానికి కావలసిన బలమూ ద్రవ్యరాశితో సమానంగా పెరగడమే దీనికి కారణం. దీన్ని కళ్లారా చూసిన విద్యార్థికి సమీకరణంలో ద్రవ్యరాశి రెండు వైపులా ఎందుకు కొట్టివేస్తారో వేరే చెప్పనక్కరలేదు.

జెయింట్ వీల్ శిఖరాన ఒళ్లు తేలికపడడం, అడుగున బరువెక్కడం కూడా ఇదే లెక్కకు చెందినవి.

రోలర్ కోస్టర్ చూడాలంటే 2005లో బెంగళూరు దగ్గర బిడదిలో మొదలైన వండర్‌లా వినోద పార్కుకో, 2016లో హైదరాబాదు శివారు రావిర్యాలలో తెరిచిన దాని మరో పార్కుకో వెళ్లాలి. ఎత్తులో నిలువ ఉన్న స్థితిశక్తి దిగేటప్పుడు గతిశక్తిగా మారుతుంది. ఘర్షణ లేకపోతే 30 మీటర్ల దిగుడుకు గంటకు సుమారు 87 కిలోమీటర్ల వేగం రావాలి, ఆ మేరకు రాకపోతే లోటు వేడిగా, శబ్దంగా పోయిందన్నమాట. 1895లో న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో ఒక రోలర్ కోస్టర్‌కు తలకిందులుగా తిప్పే నిలువు వలయాన్ని పూర్తి గుండ్రంగా కట్టడంతో అడుగున ప్రయాణికుల మెడలపై తీవ్రమైన ఒత్తిడి పడింది. 1976లో కాలిఫోర్నియాలో వచ్చిన రెవల్యూషన్ కోస్టర్‌లో వెర్నర్ స్టెంగెల్ వలయాన్ని పైన ఇరుకుగా, కింద విశాలంగా రూపొందించి ఆ ఇబ్బందిని తీర్చారు.

పార్కు ప్రయాణపు ఖర్చు ప్రతి బడికీ సాధ్యం కాదు గనుక, తాలూకాలోని ఉపాధ్యాయులు వచ్చే పరుషలోనే ఈ పాఠం మొదలుపెట్టాలి. చుట్టుకు పట్టే కాలానికి చేతి గడియారం, కుర్చీల వాలుకు కోణమానిని, వ్యాసార్ధం అంచనాకు అడుగుల లెక్క సరిపోతాయి. ఈ కొలతలన్నీ కంచె బయట నిలబడే తీసుకోవచ్చు.