కిలో పెసలు, కిలో రాజ్మా: మోల్ అంటే ఇంతే



మొన్న స్లిప్ టెస్టులో ఒక ప్రశ్న వచ్చింది. 12 గ్రాముల కార్బన్, 12 గ్రాముల మెగ్నీషియం ఉన్నాయి, దేనిలో పరమాణువులు ఎక్కువ? నేను "రెండూ 12 గ్రాములే కాబట్టి సమానం" అని రాశాను. సున్నా వచ్చింది. మోల్ నిర్వచనం మాత్రం ఒక్క అక్షరం తప్పు పోకుండా రాశాను, దానికి మార్కులు పడ్డాయి. అంటే నాకు నిర్వచనం వచ్చు, మోల్ రాదు. మా క్లాసులో చాలామందిది ఇదే సంగతి.

తర్వాత సెలవుల్లో అమ్మతో సంతకి వెళ్ళాను. రాజ్మా అమ్మడానికి తీసుకెళ్ళాం. అక్కడ ఊరికే అడిగాను, "అమ్మా, కిలో పెసల్లో గింజలు ఎక్కువుంటాయా, కిలో రాజ్మాలోనా?" అని. అమ్మ త్రాసు మీంచి చూపు తిప్పకుండానే "పెసల్లోనే. గింజ చిన్నది కదా. ఇదీ అడగాలా?" అంది. మా అమ్మ బడికి వెళ్ళలేదు. నాకు సున్నా వచ్చిన ప్రశ్న, అమ్మ చెప్పిన జవాబు ఒకటేనని తిరిగొచ్చేటప్పుడు దారిలో తట్టింది. అందుకే ఇది రాస్తున్నాను.

పరమాణువు బరువు ఎక్కడుంది?

పరమాణువు మధ్యలో కేంద్రకం ఉంటుంది. దీన్ని 1911లో రూథర్‌ఫర్డ్ చెప్పాడు. కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉంటాయి. బయట ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఒక ప్రోటాను బరువుకి సుమారు 1836 ఎలక్ట్రాన్లు కావాలి. కాబట్టి బరువంతా కేంద్రకంలోనే ఉన్నట్టు లెక్క.

మామూలు కార్బన్ పరమాణువులో 6 ప్రోటాన్లు, 6 న్యూట్రాన్లు, మొత్తం 12. మెగ్నీషియంలో ఎక్కువ పరమాణువులకి 12 ప్రోటాన్లు, 12 న్యూట్రాన్లు, మొత్తం 24. అంటే మెగ్నీషియం గింజ కార్బన్ గింజకి రెట్టింపు బరువు. కార్బన్ పెసలు అయితే మెగ్నీషియం రాజ్మా అన్నమాట.

త్రాసుతో లెక్కపెట్టడం

సెలవుల నుంచి వచ్చాక నేనూ నా స్నేహితురాలూ ల్యాబ్ త్రాసులో తూచి చూశాం. 100 పెసలు సుమారు 4 గ్రాములు, 100 రాజ్మా గింజలు సుమారు 40 గ్రాములు తూగాయి. రాజ్మా గింజ పది రెట్లు బరువు. ఇప్పుడు 4 కిలోల పెసలు ఒక సంచిలో, 40 కిలోల రాజ్మా ఒక సంచిలో పోస్తే, రెండు సంచుల్లో ఇంచుమించు ఒకే సంఖ్యలో గింజలుంటాయి. ఒక్క గింజా లెక్కపెట్టలేదు. త్రాసే లెక్కపెట్టింది.

మోల్ అంటే ఇదే. 12 గ్రాముల కార్బన్, 24 గ్రాముల మెగ్నీషియం తీసుకుంటే రెండింటిలో పరమాణువులు సమానం. ఆ సంఖ్య 6.022 × 10²³. డజను అంటే 12 అయినట్టు, మోల్ అంటే ఇంత. దీన్ని అవగాడ్రో సంఖ్య అంటారు. 2019 నుంచి శాస్త్రవేత్తలు దీన్ని సరిగ్గా 6.02214076 × 10²³ అని ఖాయం చేశారు.

ఇది ఎంత పెద్దదంటే, 100 కోట్ల మంది కూర్చుని ఒక్కొక్కరు సెకనుకి ఒకటి చొప్పున ఆపకుండా లెక్కపెట్టినా సుమారు 1 కోటి 90 లక్షల ఏళ్ళు పడుతుంది. 18 గ్రాముల నీళ్ళల్లో, అంటే ఒక గుక్కలో, అన్ని నీటి అణువులున్నాయి. అందుకే లెక్కపెట్టలేం, తూచాలి.

పట్టిక ఎందుకు?

క్లాసులో గోడకి వేలాడే ఆవర్తన పట్టికని నేను పాటలాగా బట్టీ పట్టేదాన్ని. నిజానికి అది మనం చూసి వాడుకోవడానికి ఉంది. ప్రతి గడిలో రెండు సంఖ్యలుంటాయి. చిన్నది పరమాణు సంఖ్య, అంటే ఎన్ని ప్రోటాన్లో. మూలకం పేరు దీన్నిబట్టే. 6 ఉంటే కార్బనే, వేరేది కాదు. రెండోది పరమాణు ద్రవ్యరాశి. దాన్ని గ్రాముల్లో తూస్తే ఒక మోల్ పరమాణువులు.

క్లోరిన్‌కి 35.5 ఉంటుంది. సగం న్యూట్రాను ఉంటుందా అని నాకు సందేహం వచ్చింది. ఉండదు. క్లోరిన్‌లో 35 బరువువి సుమారు మూడు వంతులు, 37 బరువువి ఒక వంతు కలిసి ఉంటాయి. 35.5 వాటి సగటు. పెద్ద రాజ్మా, చిన్న రాజ్మా కలిపి అమ్మినట్టు.

ఈ పట్టికని 1869లో రష్యాలో మెండలీఫ్ తయారుచేశాడు. ఒకే గుణాలున్నవి ఒకే వరుసలోకి వచ్చేలా పెట్టి, దొరకని మూలకాలకి ఖాళీలు వదిలాడు. అల్యూమినియం కిందది, సిలికాన్ కిందది ఇలా ఉంటాయని ముందే చెప్పి వాటికి ఏక-అల్యూమినియం, ఏక-సిలికాన్ అని పేరు పెట్టాడు. ఆ "ఏక" సంస్కృతంలోని ఒకటే. 1875లో గాలియం, 1886లో జెర్మేనియం దొరికాయి. ఆయన చెప్పినట్టే ఉన్నాయి. తెలియని చోట ఏదో ఒకటి రాసెయ్యకుండా ఖాళీ వదలడం కూడా గొప్పేనని నాకనిపించింది. ఇప్పుడు 118 మూలకాలతో ఏడు పీరియడ్లూ నిండాయి.

ఇక నా సున్నా సంగతి. 12 గ్రాముల కార్బన్ ఒక మోల్. 12 గ్రాముల మెగ్నీషియం అర మోలే. కాబట్టి కార్బన్‌లోనే ఎక్కువ, రెట్టింపు. సమాన బరువు అంటే సమాన సంఖ్య కాదు. ఇది సంతలో అందరికీ తెలుసు. పుస్తకంలో కనబడేసరికి మనం భయపడి మర్చిపోతున్నాం. చెల్లెళ్ళూ, అర్థం కానప్పుడు నిర్వచనం ఇంకోసారి బట్టీ పట్టకండి. గింజలు పెట్టుకుని చూడండి, లేదా అడగండి.

మీకో ప్రశ్న: సోడియం 23, క్లోరిన్ 35.5. మన వంటగది ఉప్పు సోడియం క్లోరైడ్. 117 గ్రాముల ఉప్పు ఎన్ని మోల్‌లు? జవాబు ఎలా వచ్చిందో కూడా రాసి ఈ కాగితం కింద అంటించండి.

– 9వ తరగతి విద్యార్థిని