సంతకం పెట్టే ముందు మిగతా పేజీలు కూడా చదువుదాం

ప్లేస్‌మెంట్ సీజన్ వచ్చిందంటే అందరి దృష్టీ ఒక్క నంబర్ మీదే. ప్యాకేజీ ఎంత? హాస్టల్లో అదే ప్రశ్న, ఇంట్లో అదే ప్రశ్న, పెళ్లిళ్లలో కనిపించిన దూరపు బంధువులదీ అదే ప్రశ్న. ఆఫర్ లెటర్ రాగానే మనం కూడా ఆ నంబర్ చూసుకుని, స్క్రీన్‌షాట్ తీసి ఇంటికి పంపించి, మిగతా పేజీలు స్క్రోల్ చేసేసి సంతకం పెట్టేస్తాం. యాప్ ఇన్‌స్టాల్ చేస్తూ 'ఐ అగ్రీ' నొక్కినట్టే.

అసలు సంగతి మాత్రం ఆ మిగతా పేజీల్లోనే ఉంటుంది. సర్వీస్ బాండ్, నోటీస్ పీరియడ్, పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు, నాన్నో అమ్మో సంతకం పెట్టాల్సిన ష్యూరిటీ కాగితం. వీటి గురించి మన దగ్గర రెండు వాదనలు తిరుగుతుంటాయి. ఒకటి, "బాండ్ బ్రేక్ చేస్తే జైలే." రెండోది, "బాండ్లు ఏ కోర్టులోనూ చెల్లవు, కళ్లు మూసుకుని సంతకం పెట్టెయ్." రెండూ తప్పే.

బాండ్ చెల్లుతుందా?

మన ఒప్పందాలన్నిటికీ ఆధారం 1872 నాటి భారత ఒప్పందాల చట్టం. అందులో రెండు సెక్షన్లు గుర్తుంటే మనకి చాలావరకు సరిపోతుంది.

సెక్షన్ 27 ప్రకారం, ఒక మనిషి తన వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. "మా దగ్గర మానేశాక ఏడాది పాటు పోటీ కంపెనీలో చేరకూడదు" అని రాసినా, ఉద్యోగం మానేసిన తర్వాతి కాలానికి ఆ షరతును మన కోర్టులు సాధారణంగా అమలు చేయవు. కానీ ఉద్యోగంలో ఉన్నంతకాలం వర్తించే షరతుల సంగతి వేరు. జీతం తీసుకుంటూ ఇంకో చోట పని చేయకూడదనడం చెల్లుతుందని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. మానేశాక కూడా కంపెనీ రహస్యాలు, కోడ్ బయటపెట్టకూడదన్న షరతు వేరే విషయం. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

సెక్షన్ 74 డబ్బు గురించి. బాండ్‌లో "మధ్యలో మానేస్తే 2 లక్షలు" అని ఉంటే, మానేసిన ప్రతివాళ్లూ ఆటోమేటిక్‌గా 2 లక్షలు కట్టాలని అర్థం కాదు. అది గరిష్ఠ పరిమితి. దాన్ని మించకుండా, న్యాయంగా అనిపించిన పరిహారం ఎంతో కోర్టు తేలుస్తుంది. అందుకే కంపెనీ మన ట్రైనింగ్ మీద నిజంగా ఎంత ఖర్చు పెట్టిందన్నది ముఖ్యమైన ప్రశ్న అవుతుంది.

అలాగని ధైర్యంగా బాండ్ మీద సంతకం పెట్టి ఎగ్గొట్టేయొచ్చని కాదు. 2025 మే 14న సుప్రీంకోర్టు విజయా బ్యాంక్ కేసులో తీర్పు ఇచ్చింది. ఒక ఆఫీసర్ కనీసం 3 ఏళ్లు పని చేస్తానని, లేకపోతే 2 లక్షలు కడతానని ఒప్పుకుని చేరి, గడువు పూర్తికాకుండానే వేరే బ్యాంకుకి వెళ్లారు. కింద హైకోర్టులో ఆయన గెలిచారు. సుప్రీంకోర్టు మాత్రం బ్యాంకు పక్షాన నిలిచింది. ఈ షరతు ఉద్యోగ కాలానికి సంబంధించినదే కాబట్టి సెక్షన్ 27 అడ్డు రాదంది. ప్రభుత్వరంగ బ్యాంకు బహిరంగ ప్రకటన ఇచ్చి, పోటీ పెట్టి మనిషిని తీసుకోవాలి, మధ్యలో వెళ్లిపోతే ఆ ఖర్చు, శ్రమ అంతా మళ్లీ మొదటికొస్తుంది అంది. ఆయన హోదాకి, జీతానికి 2 లక్షలు ఎక్కువేమీ కాదని కూడా చెప్పింది.

ఈ తీర్పు చదివితే అర్థమయ్యేది ఏంటంటే, బాండ్ చెల్లుతుందా లేదా అన్నది ఒక్క ముక్కలో తేలే ప్రశ్న కాదు. ఎంత మొత్తం, ఎంత కాలం, కంపెనీకి నిజంగా జరిగిన నష్టం ఏంటి, మన జీతం ఎంత, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

మరి జైలు సంగతి? బాండ్ గడువు లోపు మానేయడం అన్నది సివిల్ వివాదం. వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద రాసినంత మాత్రాన అది నేరం అయిపోదు. మనల్ని బలవంతంగా కూర్చోబెట్టి ఉద్యోగం చేయించమని కోర్టు ఆదేశించదు. డబ్బు గురించే వాదన.

నాన్న సంతకం, ఖాళీ చెక్కు

నా దృష్టిలో అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సిన పేజీ ఇదే. ష్యూరిటీ అంటే "మా అబ్బాయి మంచోడు" అని సాక్షి సంతకం పెట్టడం కాదు. సెక్షన్ 128 ప్రకారం, వేరేగా రాసుకుంటే తప్ప, బాకీ ఉన్నవాడికి ఎంత బాధ్యతో జామీను ఉన్నవాళ్లకీ అంతే బాధ్యత. కంపెనీ ముందు మనల్ని అడగాలన్న రూలు కూడా లేదు, నేరుగా నాన్ననే అడగొచ్చు. బాండ్ మొత్తం ఆయన ఏడాది సంపాదన అయితే? ఆ మాట ఆయనకి చెప్పకుండా "ఇక్కడ సంతకం పెట్టు నాన్నా, ఫార్మాలిటీ" అనడం న్యాయం కాదు.

ఖాళీ చెక్కు ఇంకా ప్రమాదం. వాళ్లు మొత్తం రాసుకుని బ్యాంకులో వేస్తే, అది బౌన్స్ అయితే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద కేసు పెట్టొచ్చు. అది క్రిమినల్ కేసు, రెండేళ్ల వరకు జైలు ఉంది. అసలు బాకీయే లేదని మనం వాదించుకోవచ్చు, కానీ వాయిదాలకి తిరుగుతూ వాదించుకోవాలి. సివిల్‌గా ఉండాల్సిన గొడవ ఈ చెక్కు వల్లే క్రిమినల్ అవుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లూ అంతే. చూపించండి, కాపీలు ఇవ్వండి, వాళ్ల దగ్గర వదిలేసి రాకండి.

ఏం అడగొచ్చు?

"ఫ్రెషర్లం, మన మాట ఎవరు వింటారు?" అనిపిస్తుంది. నిజమే, వేలమందిని ఒకేసారి తీసుకునే కంపెనీ మన ఒక్కరి కోసం ఫార్మాట్ మార్చడం కష్టం. చిన్న కంపెనీలు, స్టార్టప్‌లు అయితే మార్చే అవకాశం ఎక్కువ. మార్చకపోయినా, మెయిల్‌లో స్పష్టత అడిగితే వచ్చే జవాబు మన దగ్గర రాతపూర్వకంగా ఉంటుంది. హెచ్‌ఆర్ ఫోన్‌లో "అవన్నీ ఎవరూ పట్టించుకోరులే" అన్న మాటకి రేపు విలువ ఉండదు.

మర్యాదగా అడగదగినవి ఇవి:

1. బాండ్ మొత్తం నెలనెలా తగ్గాలి. 24 నెలలకి 2 లక్షలు అనుకుంటే, 18 నెలలు పనిచేసి మానేసినవాళ్లు మిగిలిన 6 నెలలకి 50 వేలు కట్టాలి, మొత్తం కాదు.
2. కంపెనీయే మనల్ని తీసేస్తే బాండ్ వర్తించదని రాయాలి.
3. బాండ్ గడువు ఎప్పుడు మొదలవుతుంది? చేరిన రోజునా, ట్రైనింగ్ అయిపోయాకా?
4. నోటీస్ పీరియడ్ రెండు వైపులా ఒకటేనా? మనకి 90 రోజులు, వాళ్లకి 15 రోజులు అని ఉంటే అడగాలి.
5. సొంత ప్రాజెక్టుల సంగతి ఏంటి? ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ చట్టం ప్రకారం కంపెనీదే. కానీ కొన్ని ఒప్పందాల్లో "ఉద్యోగ కాలంలో చేసిన ప్రతిదీ" అని ఉంటుంది. చేరకముందు చేసిన ప్రాజెక్టుల లిస్టు జతచేసి, అవి మనవేనని రాయించుకోవాలి.
6. గొడవ వస్తే ఏ ఊరి కోర్టు? ఒకే ఊరి కోర్టుకి వెళ్లాలన్న షరతు ఉద్యోగ ఒప్పందాల్లో కూడా చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. గుంటూరులో ఉన్నవాళ్లు ముంబై కోర్టుకి తిరగాల్సి రావచ్చు.

లాయర్ ఎప్పుడు కావాలి?

నోటీసు వచ్చాక లాయర్ కోసం వెతకడం మనకి అలవాటు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. సంతకానికి ముందు లాయర్ పని చిన్నది: ఒప్పందం చదవడం, ఏ లైను ప్రమాదమో గుర్తు పెట్టడం, దాన్ని ఎలా మార్చమని అడగాలో రాసివ్వడం. ఒక రకంగా కోడ్ రివ్యూ లాంటిది. బగ్ మెర్జ్ చేయకముందు దొరికితే ఒక కామెంట్‌తో పోతుంది, ప్రొడక్షన్‌లోకి వెళ్లాక దొరికితే రాత్రంతా జాగారమే. వెళ్లేటప్పుడు ఆఫర్ లెటర్, బాండ్ డ్రాఫ్ట్, వాటిలో ప్రస్తావించిన కంపెనీ పాలసీలు, హెచ్‌ఆర్ మెయిల్స్ అన్నీ తీసుకెళ్లాలి. ఫీజు ఎంతో ముందే అడిగేయాలి, అందులో మొహమాటం అక్కర్లేదు.

ఫీజు కట్టలేకపోతే? 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ఉంది. దాని కింద మహిళలు (ఆదాయంతో సంబంధం లేకుండా), ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, నిర్ణీత పరిమితి కంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. కోర్టులో కేసు ఉంటేనే అని కాదు, న్యాయ సలహా కూడా అందులో భాగమే. ప్రతి జిల్లా కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. హెల్ప్‌లైన్ నంబర్ 15100. మన క్లాసులో ఎంతమంది దీనికి అర్హులో ఒకసారి లెక్కేసుకోండి, సగం బెంచీలు నిండిపోతాయి.

ఇదంతా చదివి ఆఫర్ వదులుకోమని కాదు. బాండ్ ఉన్నా ఆ ఉద్యోగం మనకి మంచిదే కావొచ్చు, ఇంటి పరిస్థితిని బట్టి తీసుకోక తప్పకపోవచ్చు. తీసుకోండి. కాకపోతే ఆఫర్ వచ్చిన రోజే సంతకం పెట్టకుండా గడువులో రెండు రోజులు మీ కోసం ఉంచుకోండి. ఒక రోజు చదవడానికి, ఒక రోజు అడగడానికి. ఇంట్లో ఎవరైనా ష్యూరిటీ సంతకం పెట్టాల్సి ఉంటే, ఆ పేజీలో ఏముందో తెలుగులో వాళ్లకి చదివి చెప్పండి. ఇంగ్లిష్ మీడియం చదువు కనీసం ఆ పనికైనా ఉపయోగపడాలి కదా.