వీధి నేర్పిన దరువు

ఉదయగిరిలో పెళ్లి ఊరేగింపు. కోట కొండ కింద వీధిలో రాత్రి పది దాటింది. ట్రాక్టరు మీద నా సౌండ్ బాక్సులు, లాప్‌టాప్. నాకెంతో ఇష్టమైన షికాగో హౌస్ బీటు వేశాను. దెబ్బ వెనక దెబ్బ సమానంగా పడుతోంది. కుర్రాళ్లు ఫోన్లలో వీడియో తీశారే గానీ ఒక్కరూ అడుగెయ్యలేదు.

పలక కొట్టే పెద్దాయన దగ్గరికొచ్చాడు. "అబ్బాయా, ఇది నిలబడి వినేది. ఆడేది వెయ్యి."

"ఎట్టా తాతా?"

ఆయన పలకను వరిగడ్డి మంట మీద కాచి, వేలితో తట్టి చూసుకున్నాడు. లావు పుల్లతో ఒక దెబ్బ, వెంటనే సన్న పుల్లతో రెండు. అంతే, పెళ్లికొడుకు మేనమామలు కండువాలు నడుముకు బిగించారు.

ఆ దరువు ఫోన్లో రికార్డు చేసుకుని మా ఆత్మకూరు వచ్చాక లాప్‌టాప్‌లో కూర్చాను. అందులో దరువు ఒక్కో చుట్టుకు 16 గళ్లుంటాయి. హౌస్ సంగీతంలో ప్రతి నాలుగో గడికీ ఒక పెద్ద దెబ్బ పడుతుంది. పలక నడక మూళ్ల లెక్క. గళ్లను 12కి తగ్గిస్తే గానీ అది ఇమడలేదు.

షికాగోలోనూ జరిగింది ఇదే, ఆడేవాళ్ల అడుగే పాటను మార్చింది. 1977లో మొదలైన వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకల్స్ రికార్డులు వేసేవాడు. అక్కడికొచ్చే వాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గే యువకులు. వాళ్ల అడుగు చూసి ఆయన పాటను సాగదీసేవాడు, కత్తిరించేవాడు. 'హౌస్' అన్న పేరు ఆ క్లబ్బు పేరులోంచే వచ్చిందంటారు. కార్ల ఫ్యాక్టరీల డెట్రాయిట్‌లో హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్‌సన్ షికాగో వాళ్లు వాడిన జపాన్ రోలాండ్ యంత్రాలతోనే టెక్నో పుట్టించారు. యంత్రాలు ఒకటే అయినా ఊరు మారితే నడక మారింది.

మన దేశంలో చరణ్‌జిత్ సింగ్ కథ తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. బొంబాయి సినిమా వాద్యకారుడాయన. 1982లోనే రోలాండ్ 808, 303 యంత్రాల తోడుతో పది రాగాలు వాయించి రికార్డు చేశాడు. షికాగోలో యాసిడ్ హౌస్‌కు పేరు తెచ్చిన 'యాసిడ్ ట్రాక్స్' వచ్చింది 1987లో. అయినా ఆయన రికార్డును అప్పట్లో పట్టించుకున్నవాళ్లు లేరు. షికాగో పాటకు రాత్రంతా ఆడే జనం దొరికారు, ఆయన పాటకు దొరకలేదు.

హైదరాబాద్‌లో అలాంటి జనం ఎప్పటినుంచో ఉన్నారు. నిజాం కొలువులో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌గా పనిచేసిన సిద్దీల పేరుతోనే ఏసీ గార్డ్స్ పేట ఉంది. వాళ్లు వాయించిన మర్ఫా దరువు పెళ్లి బరాత్‌లలో తీన్‌మార్ అయింది. ఇవాళ అదే దరువు డీజే బాక్సుల్లోంచి మా నెల్లూరు పల్లెలకూ వస్తోంది.

అది రావడం నాకు సంతోషమే. మా పలక మూగబోతే మాత్రం ఓర్చుకోలేను. మా డీజేలు వచ్చాక పలక వాళ్లను పిలిచే ఇళ్లు తగ్గాయి. అందుకే నాకు బయానా ఇచ్చేవాళ్లతో ఒకే మాట చెబుతున్నాను: పలక వాళ్లను కూడా పిలవండి. ఊరేగింపు కదిలేటప్పుడు మొదటి దెబ్బ తాతదే. దాన్ని అందుకుని నా బాక్సులు మోగుతాయి.