ఎనిమిది వేళ్లున్నా నేల మీద నడవలేదు.. మరి కాళ్లెందుకు? గ్రీన్‌లాండ్ శిలాజం తేల్చిన లెక్క ఇదీ!

మన చేతికి ఐదు వేళ్లు. కప్ప ముందు కాలికి నాలుగు, గుర్రానికి ఒక్కటే. వెన్నెముక ఉన్న నాలుగు కాళ్ల జీవుల్లో ఈ లెక్క తగ్గడమే కానీ ఐదు దాటడం మామూలుగా కనిపించదు. అందుకే మొదటి నుంచీ ఐదేనని శాస్త్రవేత్తలు చాలాకాలం నమ్మారు. 1990లో ఆ నమ్మకం చెదిరింది. సుమారు 36 కోట్ల ఏళ్ల కిందటి ఓ జీవి ముందు కాలిని రాయిలోంచి తొలిచి తీస్తే.. ఎనిమిది వేళ్లు లెక్కకొచ్చాయి!

ఆ జీవి పేరు అకాంథోస్టెగా. పొడవు దాదాపు 60 సెంటీమీటర్లు. తూర్పు గ్రీన్‌లాండ్‌లో 1933లో దొరికిన పుర్రె ముక్కల్ని చూసి 1952లో స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ యార్విక్ ఈ పేరు పెట్టారు. పుర్రె తప్ప మిగతా ఒళ్లు ఎలా ఉండేదో అప్పటికి తెలియదు.

అసలు కథ కేంబ్రిడ్జ్‌లో మలుపు తిరిగింది. 1970లో ఓ జియాలజీ విద్యార్థి గ్రీన్‌లాండ్ నుంచి తెచ్చిన రాళ్లు అక్కడి డ్రాయర్లలో పడి ఉన్నాయి. అవి ఎక్కడ దొరికాయో అతని నోట్‌బుక్‌లో రాసి ఉంది. దాన్ని పట్టుకుని శిలాజ శాస్త్రవేత్త జెన్నీ క్లాక్ 1987లో అదే కొండకు వెళ్లారు. ఈసారి పుర్రెలతో పాటు కాళ్లు, తోక, పక్కటెముకలు కూడా దొరికాయి. ఎనిమిది వేళ్ల సంగతిని 1990లో మైకేల్ కోట్స్‌తో కలిసి ఆమె ప్రకటించారు.

వేళ్ల సంఖ్య ఒక్కటే వింత కాదు. దీనికి సరైన మణికట్టు లేదు. ముంజేతిలోని రెండు ఎముకల్లో ఒకటి పొడుగు, రెండోది పొట్టి.. చేప రెక్కలో ఉన్నట్టే! పక్కటెముకలు చిన్నవి. నేల మీదకొస్తే ఒంటి బరువు మోయడం కష్టమే. తోక చుట్టూ చేపకున్నట్టు రెక్క ఉంది. గొంతు దగ్గరి ఎముకల మీద రక్తనాళాలు వెళ్లే గాడులు కనిపించాయి. అంటే లోపల మొప్పలు పనిచేసేవన్నమాట. ఊపిరితిత్తులూ ఉండేవని అంచనా. ఇదేం విడ్డూరం కాదు, మన కొరమేను కూడా నీళ్లలోనే ఉంటూ పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది కదా.

ఇక్కడే పాత కథ అడ్డం తిరిగింది. చెరువులు ఎండిపోతే చేపలు నేల మీద పాకాయని, అలా పాకీ పాకీ వాటి రెక్కలే కాళ్లయ్యాయని అంతకుముందు చెప్పుకునేవారు. అకాంథోస్టెగా చూస్తే వరుస తిరగబడింది. కాళ్లు, వేళ్లు నీళ్లలోనే వచ్చాయి. నడక తర్వాతి సంగతి. అడ్డదిడ్డంగా మొక్కలు పెరిగిన లోతు తక్కువ నీళ్లలో తోసుకుంటూ పోవడానికి అవి పనికొచ్చి ఉంటాయి.

మరి ఇది మన ముత్తాతా? కాదు. వంశవృక్షంలో పక్కకు చీలిన కొమ్మ. కెనడాలో దొరికిన, కాళ్లు రాని టిక్టాలిక్ కంటే ఇది మనకు దగ్గర. దీనితో పాటే గ్రీన్‌లాండ్‌లో ఉన్న ఇక్తియోస్టెగాకు వెనక కాలికి ఏడు వేళ్లు, రష్యాలో దొరికిన టులర్పెటాన్‌కు ఆరు. అంటే ఐదు అనే లెక్క స్థిరపడక ముందు రకరకాల సంఖ్యలు నడిచాయి.

అయితే పోలాండ్‌లో 2010లో బయటపెట్టిన అడుగుజాడలు సుమారు 39 కోట్ల ఏళ్ల నాటివి, అంటే టిక్టాలిక్ కంటే కూడా పాతవి! అవి నిజంగా కాళ్ల గుర్తులే అయితే మొదటి కాళ్లు ఇంకా ముందే వచ్చాయని ఒప్పుకోవాలి. కొందరు మాత్రం అవి చేపలు చేసిన గుంటలేనని వాదిస్తున్నారు.

ఇంకో మెలిక కూడా ఉంది. 2016లో అకాంథోస్టెగా భుజం ఎముకల్ని శక్తిమంతమైన ఎక్స్‌రేలతో స్కాన్ చేశారు. చెట్టు కాండంలో వలయాల్లా ఎముకలో ఏటేటా పడిన గీతలు లెక్కపెడితే ఆరేళ్లు, ఆపైన వచ్చాయి. అయినా పరిశీలించినవన్నీ ఇంకా ఎదగని పిల్లలవే. అందులో పెద్దది ఒక్కటీ లేదు.