బొమ్మ పుట్టే ఇళ్లు

శ్రీకాళహస్తికి వచ్చేవాళ్లలో చాలామందికి ఊరంటే గుడే. రాహుకేతు పూజ అయ్యాక ఇంకెక్కడా ఆగకుండా నేరుగా ఇంటికి పోవాలని ఒక నమ్మకం ఉంది. అందుకని ప్రసాదం సంచీలో వేసుకుని వచ్చిన బస్సులోనే తిరిగిపోతారు. రాయలవారు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. దాని చోట 2017లో లేచి నిలబడ్డ కొత్త గోపురాన్ని ఫోన్లో ఫొటో తీసుకోవడంతో వాళ్ల యాత్ర ముగుస్తుంది. ఆ గోపురం నీడ దాటి ఊళ్లోకి నడిస్తే మామూలు ఇళ్ల సందులు వస్తాయి. కొన్ని మిద్దెల మీద చీరలతో పాటు చీరలు కాని బట్టలు కూడా ఆరుతుంటాయి. దగ్గరికి పోతే కరక్కాయ వగరు, గేదెపాల కమ్మదనం కలిసిన వాసన తగులుతుంది. కలంకారీ కళాకారుల ఇళ్లవి. పని జరిగే చోటూ, పని పూర్తయ్యాక వేలాడే చోటూ చాలా ఇళ్లలో ఒకటే గది.

ఆధునిక చిత్రకళ చూడాలనుకున్న తిరుపతి, చిత్తూరు వాళ్లు మద్రాసు పోవడం మొదటినుంచీ ఉన్న అలవాటు. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ అక్కడి సముద్రపు ఒడ్డున చోళమండలం అనే కళాకారుల గ్రామాన్ని స్థాపించారు. బొమ్మ గోడకెక్కిన తర్వాతే కాదు, వేస్తుండగా కూడా చూడవచ్చన్న సంగతి అక్కడికి వెళ్లినవాళ్లకు తెలిసింది. ఆ గ్రామం కథలో నాకు బాగా నచ్చేది ఇంకొకటి ఉంది. బొమ్మలు అమ్ముడుపోని తొలిరోజుల్లో అక్కడి చిత్రకారులు బాతిక్ బట్టలు, చేతిపని వస్తువులు చేసి పొట్టపోసుకున్నారు. ఆధునిక కళను బతికించింది చేతిపనే. అలాంటప్పుడు చేతిపని చేసే ఇంటిని కళాకారుడి స్టూడియో అనడానికి మనకెందుకు వెనకాముందు? కాళహస్తి సందులను ఆ కళ్లతోనే చూడమని నా మనవి. అంగడికి పోయినట్టు పోతే చీరలు కనబడతాయి. చిత్రకారుడి ఇంటికి పోయినట్టు పోతే చిత్రం కనబడుతుంది.

గడపలో అడుగుపెట్టగానే బట్ట కొనడానికొచ్చారా, పని చూడటానికొచ్చారా అని అడుగుతారు. పని చూడటానికని చెబితే చాప పరుస్తారు. కలం చూస్తే ఇంత చిన్న పనిముట్టా అనిపిస్తుంది. చెక్కిన వెదురుపుల్ల, దాని మధ్యలో ఉన్ని చుట్టి బిగించిన దారం, అంతే. ఉన్నిని రంగులో ముంచి, గీసేటప్పుడు వేళ్లతో మెల్లగా నొక్కితే రంగు మొనలోకి దిగుతుంది. ఎంత నొక్కితే గీత అంత లావు. సన్నమొన కలం గీతలకు, మొద్దుమొనది రంగు నింపడానికి. బట్టను ముందే కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెట్టి ఉంచుతారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. చింతబరికలు కాల్చిన బొగ్గుతో ముందు పలచగా ఆకారం గీసుకుంటారు. ఆ తర్వాత కలం దిగుతుంది.

ఇక్కడ కాసేపు కూర్చోవాలి. నల్లరంగుకు వాడే ద్రవాన్ని కసిం అంటారు. తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే వచ్చే నీరు అది. పాత్రలో చూస్తే మురికి టీనీళ్లలా ఉంటుంది, నలుపు ఛాయ కూడా ఉండదు. కలం మొన ఆ నీటిని బట్టకు తాకించిన క్షణంలో గీత బూడిదరంగులో పడుతుంది, మనం చూస్తుండగానే నలుపెక్కుతుంది. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి బట్ట పోగులోనే నలుపును పుట్టిస్తాయి. పైన పూసిన రంగు కాదు కాబట్టి ఎన్ని ఉతుకులైనా పోదు. ఎరుపు కథ ఇంకా విచిత్రం. ఎరుపు రావలసిన చోటల్లా పటిక నీళ్లు పూస్తారు. పటికకు రంగులేదు. చిత్రకారుడు తన బొమ్మలో సగాన్ని కంటికి కనబడకుండా వేస్తాడన్నమాట. ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, పారే నీళ్లలో ఉతికి, మంజిష్ఠ లాంటి వేళ్లూ చెక్కలూ వేసిన గంగాళంలో మరిగిస్తారు. అప్పుడు పటిక అంటిన చోట మాత్రమే ఎరుపు పొంగుకొస్తుంది, తక్కిన బట్ట దాదాపు తెల్లగానే మిగులుతుంది. మిగిలిన మకిలిని పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరేసి, మళ్లీ తడిపి పోగొడతారు. పసుపుకు కరక పువ్వు, నీలానికి నీలిమందు, ఆకుపచ్చకు పసుపు మీద నీలం. ఒక్కో రంగుకు ఒక్కో ఉతుకు. ఒక పెద్ద తెర పూర్తికావడానికి నెలలు పట్టిందంటే అందులో గీసిన సమయం కొంతే, ఎండకోసం, నీటికోసం ఎదురుచూసిన సమయమే ఎక్కువ.

ఈ రహస్యం కోసం ఒకప్పుడు యూరప్ ఆరాటపడింది. కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కిన పూలబట్టల ధాటికి తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది, 1759 దాకా ఆ నిషేధం నడిచింది. ఇంగ్లండు 1721లో చట్టం చేసి వాడకాన్నే ఆపింది. ఉతికినా వెలవని ఎరుపు ఎలా వస్తుందో అక్కడ చాలామందికి అంతుబట్టలేదు. 1742లో కోర్డూ అనే ఫ్రెంచి జెసూట్ ఫాదరీ, తన దగ్గర మతం పుచ్చుకున్న అద్దకం పనివాళ్లను అడిగి తెలుసుకుని, కరక్కాయా గేదెపాల దగ్గరనుంచి మొదలుపెట్టి మొత్తం పద్ధతిని ఉత్తరంగా రాసి స్వదేశానికి పంపాడు. ఈయనే తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువు కూర్చినవాడు. ఆయన 1742లో రాసిన వరసకూ ఇవాళ కాళహస్తి పెరట్లో జరిగే వరసకూ తేడా తక్కువే.

ఓడలెక్కిన సరుకులో మచిలీపట్నం వైపుదీ చాలా ఉంది. అక్కడి కలంకారీలో ఇప్పుడు చెక్క అచ్చులదే రాజ్యం. కాళహస్తి మాత్రం కలాన్ని వదల్లేదు. కారణం గుడి. ఇక్కడివాళ్లు వేసింది ప్రధానంగా దేవుడి తెరలు. నడుమ పెద్ద బొమ్మ, చుట్టూ గళ్లుగళ్లుగా కథ, ప్రతి వరస కింద తెలుగులో రాత. రామాయణమైనా, భారతమైనా, కన్నప్ప కథైనా చూసుకుంటూ చదువుకుంటూ పోవచ్చు. అచ్చుతో పూల తీగను మళ్లీ మళ్లీ కొట్టవచ్చు. కన్ను పెకలిస్తున్న కన్నప్ప ముఖం అచ్చులో రాదు.

ఇరవయ్యో శతాబ్దం సగానికి వచ్చేసరికి తెరలు వేయించేవాళ్లు కరువై, పని తెలిసినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. చేతిపనుల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో ఊళ్లో శిక్షణ కేంద్రం పెట్టారు. నేర్పడానికి జొన్నలగడ్డ లక్ష్మయ్యను కూర్చోబెట్టారు. ఇవాళ కలం పట్టినవాళ్లలో ఎక్కువమంది విద్య తీగలాగితే ఆ కేంద్రం దగ్గరికే చేరుతుంది. లక్ష్మయ్య కొడుకు గురప్పశెట్టి బడిపంతులుగా ఉంటూనే కలం పట్టి, ఆ పనికి జాతీయస్థాయిలో పేరు తెచ్చారు. 2008లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఒక కళ చావకుండా నిలవడానికి ఒక్క మంచి తరగతి గది చాలునని చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం తెలీదు. శ్రీకాళహస్తి కలంకారీకి తర్వాత భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ఇప్పుడు ఆ ఇళ్లలో ఆడవాళ్లదే పెద్ద చేయి. చీర అంచు మీద వరసగా నెమళ్లు నింపుతూ, పక్కన బడిపిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తూ పనిచేసేవాళ్లు కనబడతారు. దుపట్టాలు, చీరలు రోజుకూలి ఇస్తాయి, పెద్ద తెర పేరు ఇస్తుంది. రెండూ ఒకే చేతివి. విషయాలూ మారాయి. బుద్ధుడి కథ, క్రీస్తు జీవితం, జీవవృక్షం, పల్లె పనిపాటలు ఈ రంగుల్లోకి వచ్చాయి. హైదరాబాదులో పుట్టి బరోడాలో స్థిరపడిన లావణ్య మణి ఇవే సహజరంగులు, ఇదే కలంకారీ పద్ధతితో బట్టల వ్యాపారం, వలసపాలన చరిత్ర మీద బొమ్మలు వేస్తున్నారు. అవి ఆర్ట్ గ్యాలరీల్లో సమకాలీన కళగా వేలాడుతున్నాయి. అదే కసిం, అదే పటిక, కాళహస్తి సందులో ఉంటే హస్తకళ! ఈ గీత ఎవరు గీశారో నాకు అర్థంకాదు. నాలుగైదు ఇళ్లు తిరిగితే మీకే తెలుస్తుంది, ఒక్కో చేతికి ఒక్కో తీరు. ఒకరి దేవతలకు కళ్లు చెవులదాకా సాగుతాయి, ఇంకొకరి గుర్రాల మెడ విల్లులా వంగుతుంది. తెర కింద సంతకం కోసం వెతకండి, లేకపోతే వేసింది ఎవరని అడగండి. అలా అడిగేవాళ్లు పెరిగితేనే సంతకాలూ పెరుగుతాయి.

తిరుపతి దారిలోనూ చూడవలసినవి ఉన్నాయి. ఏర్పేడు పక్క మాధవమాల ఊరంతా చెక్కశిల్పుల ఊరు. నడుస్తుంటే ఉలి చప్పుడు ఇల్లు మారినా ఆగదు. అరచేతిలో పట్టే వేంకటేశ్వరుడి నుంచి గుడి వాహనాల దాకా అక్కడే రూపుకడతాయి. తిరుపతిలో దేవస్థానం వారు 1960లో నెలకొల్పిన సంప్రదాయ శిల్ప కళాశాలలో రాయి, లోహం, చెక్క, సుధ (గార) శిల్పాలతో పాటు చిత్రలేఖనం, కలంకారీ కూడా నేర్పుతారు. అనుమతి అడిగి లోపలికి పోతే, ఇంకా ముక్కు చెక్కని దేవుళ్ల మధ్య లెక్కలు వేసుకుంటున్న కుర్రాళ్లను చూడవచ్చు.

తిరుపతి నుంచి కాళహస్తి 40 కిలోమీటర్ల లోపే. సెంట్రల్ బస్టాండు నుంచి రోజంతా బస్సులున్నాయి. గూడూరు–రేణిగుంట రైలుమార్గంలో స్టేషనూ ఉంది. పొద్దున్నే వెళ్లడం మేలు, ఉతుకులు, ఆరేతలు ఎండ ముదిరేలోపు చూడవచ్చు. స్వర్ణముఖిలో ఏడాదిలో ఎక్కువకాలం ఇసుకే కాబట్టి ఉతుకు చాలావరకు బోరునీళ్ల తొట్లకు మారింది. నీళ్లున్న రోజుల్లో మాత్రం ఏటి ఒడ్డున తెరలు పరిచి కనబడతాయి. ఆశ్వయుజ, కార్తీకాల వానల్లో రంగు పని మందగిస్తుంది, అప్పుడు గీత పని చూడవచ్చు. కొనేవాళ్లు ఒకటే గమనించండి: ఒకే పువ్వు రెండుచోట్ల అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అది చేతిగీత కాదు, చెక్క అచ్చో స్క్రీన్ ప్రింటో. బజారులో కలంకారీ పేరుతో స్క్రీన్ ప్రింటే ఎక్కువ తిరుగుతోంది. పెద్ద తెర కావాలంటే కథ చెప్పి, కొలత చెప్పి, బయానా ఇచ్చి రావాలి. ఎప్పటికి ఇస్తారని అడిగితే ఎండలనుబట్టి అంటారు, ఆ మాట నిజమే.