దట్టించే కడ్డీ, తప్పని గురి

మూతి వైపు నుంచి మందు, గుండు దట్టించే రైఫిల్‌ను కడ్డీ లేకుండా నింపడం కుదరదు. గొట్టం కింద కర్రలో ఒదిగి ఉండే ఆ కడ్డీ పేరు ర్యామ్‌రాడ్. పేల్చే క్షణంలో దానికి పనేమీ లేదు. అయినా గుండు గురికి తగులుతుందా, పక్కకు పోతుందా అన్నది చాలావరకు అంతకు ముందే, దట్టించిన తీరులోనే తేలిపోతుంది.

రైఫిల్ గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి. గుండు వాటిని పట్టుకుని బయటికొస్తేనే గిరగిరా తిరుగుతూ తిన్నగా సాగుతుంది. పట్టుకోవాలంటే బిగువుగా ఉండాలి. బిగువుగా ఉంటేనేమో మూతి నుంచి అడుగుకు దిగదు. 1800 ప్రాంతంలో బేకర్ రైఫిళ్లు అందుకున్న బ్రిటిష్ సైనికులకు గుండు దిగగొట్టడానికి చిన్న కొయ్య సుత్తులు కూడా ఇచ్చారు. అమెరికాలో పెన్సిల్వేనియా రైఫిళ్ల వేటగాళ్లది ఇంతకంటే తెలివైన పద్ధతి. గొట్టం కన్నా కాస్త చిన్న సీసపు గుండును కొవ్వు రాసిన గుడ్డముక్కలో పెట్టి, హికరీ కర్రతో నెట్టేవారు. గాడులను గుడ్డ పట్టుకుంటుంది, గుండు ఆకారం చెడదు.

ఆకారం చెడకపోవడమే ఇక్కడ కీలకం. ఫ్రాన్స్‌లో డెల్విన్ 1826లో గొట్టం అడుగున సన్నని మందు గది పెట్టాడు. దాని అంచు మీద ఆగిన గుండును కడ్డీతో మోది గాడుల్లోకి ఉబ్బించాలి. దెబ్బలకు గుండు చదునై, వంకరపోయి, గాల్లో దారి తప్పేది. తర్వాత 1840లలో తువ్‌నాన్ అడుగున ఉక్కు కడ్డీ నిలబెట్టి, ర్యామ్‌రాడ్ తలను తూటా ముక్కుకు సరిపోయేలా గుంటగా తొలిపించాడు. ముక్కు దెబ్బతినడం తగ్గింది. 1849 నాటి మినియే తూటా అసలు మోదే పనే లేకుండా చేసింది: అడుగు బోలుగా ఉండే ఆ తూటాను వాయువుల ఒత్తిడే ఉబ్బిస్తుంది, కడ్డీ నెడితే చాలు. ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లోనూ ఇదే సూత్రం. దాని గొట్టం .577 అంగుళాలు, మొదటి తూటా .568. మసి పట్టిన గొట్టంలో అది దిగడం కష్టమని 1857 సిపాయిల తిరుగుబాటు అనుభవం తర్వాత .55కు తగ్గించారు.

గుండు నింపిన ప్రతిసారీ ఒకే ఒత్తిడితో మందుకు ఆనాలి. ఒకసారి గట్టిగా, ఒకసారి వదులుగా ఉంటే మందు మండే తీరు మారి, వేగం మారి, గుండ్లు పైకీ కిందికీ చెదురుతాయి. గుండుకూ మందుకూ మధ్య ఖాళీ మిగిలితే గొట్టం ఉబ్బవచ్చు, పగలనూ వచ్చు. అందుకే కడ్డీ మీద లోతును సూచించే గీత గీస్తారు. గీత మూతి దగ్గరికి రాలేదంటే గుండు అడుగుకు చేరనట్టే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది మూతి దగ్గర. గుండు గొట్టాన్ని విడిచే ఆఖరి చోటు అదే. అక్కడ అంచు ఒక పక్క అరిగితే వాయువులు ఆ పక్క నుంచి ముందుగా తప్పించుకుని గుండును వంచుతాయి. ఉక్కు కడ్డీ రాసుకుంటే అంచు అరుగుతుంది. మెత్తనిదని కర్రను నమ్మినా, దుమ్మూ ఇసుకా దానిలో దిగబడి ఆకురాయిలా గీకుతాయి. కడ్డీని తుడిచి వాడటం, దానికి మూతిలో సరిపోయే తొడుగు వేసి మధ్యగా నడిపించడం దీనికి విరుగుడు. ఈ విషయంలో అందరికన్నా ముందుకు వెళ్లినవాడు అమెరికాలో దూరదర్శినుల తయారీకి పేరుపొందిన ఆల్వన్ క్లార్క్. 1840లో ఆయన పేటెంట్ పొందిన దొంగ మూతి గొట్టం చివర అమరే విడి ముక్క. గుండును దానిగుండా దించి, పేల్చే ముందు తీసేస్తారు. దాంతో అసలు అంచును కడ్డీ తాకనే తాకదు.

కడ్డీ చివర అమర్చే సామగ్రికీ లెక్క ఉంది. తుపాకిమందు కాలాక దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగా మిగులుతుంది. అందులో కొంత పొగతో పోయినా, మిగిలింది గొట్టానికి అంటుకుని తర్వాతి గుండును బిగదీస్తుంది. కాబట్టి పేల్పుకూ పేల్పుకూ మధ్య తడిగుడ్డతో తుడవాలి. గుడ్డను పట్టే గాడుల మొన చిన్నదైతే మసి రాదు, పెద్దదైతే లోపల ఇరుక్కుంటుంది. దాన్ని కడ్డీకి అడ్డంగా మేకు దిగ్గొట్టి బిగించకపోతే ఊడి గొట్టంలోనే ఉండిపోతుంది. కర్ర కడ్డీలో నార చివరిదాకా తిన్నగా సాగాలి. అడ్డంగా తెగిన నార ఉన్నచోట అది ఏటవాలుగా విరిగి చేతిలో గుచ్చుకుంటుంది. అందుకే మూతికి దగ్గరగా పట్టుకుని, కొంచెం కొంచెంగా నెట్టాలి. కడ్డీ వంగకపోతే గొట్టం లోపలి గోడకూ రాసుకోదు.